ఓటీపీ, టీవీ సీరియల్, అప్రస్తుత ప్రసంగం

ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంటుంది. కరెంటు బిల్లు కట్టాల్సిన లాప్‌టాప్ హాల్లో ఉంటుంది. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది: 417296. "ఫోర్ వన్ సెవెన్, టూ నైన్ సిక్స్" అని లోలోపల అనుకుంటూ హాల్లోకి వచ్చేసరికి సీరియల్‌లో అత్తగారు కోడల్ని నిలదీస్తూ ఉంటుంది. ఆ గొడవ మీద ధ్యాసేమీ ఉండదు. అయినా వేళ్లు కొట్టేది 417926. తప్పని ఎర్రగా చూపించాక మళ్లీ వంటింట్లోకి.

ఈ పొరపాటును కాస్త దగ్గరగా చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఆరు అంకెల్లో ఒక్కటీ పోలేదు. అన్నీ గుర్తున్నాయి. రెండూ తొమ్మిదీ మాత్రం చోట్లు మార్చుకున్నాయి. అదే హాల్లో టీవీ ఆపేసి, దానికంటే ఎక్కువ మోత చేసే కూలర్ వేసి ఉంచితే ఈ తడబాటు దాదాపు రాదు. చప్పుడు ఎక్కువైతే మరుపు ఎక్కువవుతుందన్నది అందరూ అనుకునే మాట. సుమారు యాభై ఏళ్ల పరిశోధనలు ఆ మాటను చాలావరకు పక్కకు నెట్టేశాయి.

1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తెర మీద అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. వాటిని వరుస తప్పకుండా తిరిగి రాయాలి. అది జరుగుతున్నంతసేపూ చెవిలో ఎవరో జర్మన్‌లో ఏదో చదువుతూ ఉంటారు. ప్రయోగంలో కూర్చున్నవాళ్లకు జర్మన్ రాదు. ఆ గొంతును పట్టించుకోవద్దని వాళ్లకు ముందే చెప్పారు. అయినా నిశ్శబ్దంలో కంటే తప్పులు బాగా పెరిగాయి. చూసేది కంటితో, రాసేది చేతితో. మధ్యలో చెవికి పనే లేదు. అర్థం కాని భాష, అక్కర్లేని మాట, అయినా లోపల పేర్చుకున్న వరుసను చెదరగొట్టింది.

తర్వాత వచ్చిన ప్రయోగాలు ఇదే చిక్కుముడిని ఒక్కో పోగూ లాగి చూశాయి. మాటను వెనక నుంచి ముందుకు తిప్పి వినిపించినా తప్పులు పెరిగాయి. అంటే అర్థంతో పెద్దగా పని లేదు. సన్నగా వినిపించినా, గట్టిగా మాట్లాడినంత స్థాయిలో వినిపించినా నష్టంలో తేడా పెద్దగా లేదు. అంటే మోత ఎంతన్నదీ ముఖ్యం కాదు. ఒకే తీరుగా సాగే తెల్ల రొద, అంటే స్టేషన్ దొరకని రేడియో చేసే 'షూ' అనే శబ్దం, దాదాపు ఏ హానీ చేయలేదు.

మరి హాని చేసేదేమిటి? 1990ల తొలినాళ్లలో కార్డిఫ్‌లో డిలన్ జోన్స్ బృందం చూపింది దీన్నే. చెవిలో "క, క, క, క" అని ఒకే అక్షరం పడుతూ ఉంటే జ్ఞాపకానికి పెద్దగా దెబ్బ తగలదు. "క, మ, ట, ల, ప" అని మారుతూ పడితే వరుస చెదురుతుంది. మాటే కానక్కర్లేదు. ఎక్కుతూ దిగుతూ మారే స్వరాలైనా చాలు. ఒక తునక నుంచి ఇంకో తునకకు శబ్దం మారుతూ పోవడమే అసలు దోషి.

ఎందుకిలా అన్నదానిపై పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ ఆలోచన ప్రకారం లోపల శబ్దాలను కొద్దిసేపు నిలిపి ఉంచే ఒక చిన్న గది ఉంది. బయటి మాట అందులోకి అడగకుండానే దూరి, అక్కడున్నవాటితో కలగాపులగం అవుతుంది. జోన్స్ వాదం వేరు. మారుతూ వచ్చే శబ్దాన్ని చెవి తనంతట తానే ఒక వరుసగా పేర్చుకుంటుంది. అంకెలను గుర్తుపెట్టుకునే మనిషి కూడా లోపల ఒక వరుసనే పేర్చుకుంటున్నాడు. రెండు వరుసలు ఒకే దారిలో ఎదురెదురు పడతాయి. ఓటీపీలో అంకెలు పోకుండా చోట్లు మాత్రం మారడం చూస్తే జోన్స్ వైపే కాస్త మొగ్గు కనిపిస్తుంది. బాడ్లీ చెప్పిన గది బొమ్మ మనసుకు తేలిగ్గా ఎక్కుతుంది కాబట్టి పాఠ్యపుస్తకాల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది.

దీనికి అలవాటు పడిపోవచ్చు కదా అనిపిస్తుంది. ఒక్కసారిగా పడే వింత చప్పుడుకు అలవాటు పడతాం. గ్యాస్ బండ కింద పడితే ఉలిక్కిపడతాం, నాలుగోసారికి తల తిప్పం. మారుతూ సాగే మాటల ధార సంగతి అలా కాదు. ప్రయోగం చివరికి వచ్చినా దాని దెబ్బ దాదాపు మొదట్లో ఉన్నంతే ఉంటుంది. "నాకు టీవీ పెట్టుకుని చదవడం అలవాటే" అనేవాళ్లు చాలామంది ఉంటారు. అలవాటయ్యేది చికాకు. తప్పుల లెక్క మాత్రం వాళ్లను అడిగి రాదు.

తెలుగువాళ్లకు ఈ ప్రయోగం కొత్తేమీ కాదు. ప్రయోగశాలలు పుట్టకముందే దాన్ని వేదిక మీద పెట్టి, చుట్టూ జనాన్ని కూర్చోబెట్టి, టిక్కెట్టు లేకుండా చూపించిన సంప్రదాయం మనది. అష్టావధానంలో ఒక్క అవధానిని పరీక్షించే ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, ఉంటారు. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఇంకొకరు వర్ణన. పద్యాలు ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున పూర్తవుతాయి. మధ్యమధ్య గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. వీటన్నిటి మధ్య ఒకాయన పనిగట్టుకుని అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తూ ఉంటాడు. ఆయన పనికి పెట్టిన పేరు అప్రస్తుత ప్రసంగం. పరిశోధకులు ఇంగ్లిష్‌లో పెట్టుకున్న 'ఇర్రెలవెంట్ స్పీచ్' అన్న పేరును తెలుగు చేయమంటే ఇంతకంటే మంచి మాట దొరకదు.

అవధానంలో గంటనూ అప్రస్తుత ప్రసంగినీ పక్కపక్కన పెట్టి చూడటం బాగుంటుంది. గంట ఎన్నిసార్లు కొట్టినా అదే గంట, అదే మోత. చేయాల్సింది ఒక అంకెను ఒకటి పెంచుకోవడం. అప్రస్తుత ప్రసంగి గంటంత గట్టిగా మోగడు. కానీ ఆయన నోట వచ్చే ప్రతి మాటా మారుతూనే ఉంటుంది. పైగా దానికి చమత్కారంగా జవాబు కూడా చెప్పాలి. సభలో జనం ఎక్కువ నవ్వేదీ, అవధాని జారిపోతాడేమో అని ఎక్కువ టెన్షన్ పడేదీ ఆ ఘట్టం దగ్గరే. పూర్వులు ఆటంకాలను ఏరి పెట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లే అనాలి.

మరి అవధాని ఎలా నెగ్గుకొస్తాడు? చివర్లో ధారణ చేసి పద్యాలన్నీ అప్పజెప్పాలి కదా. ప్రయోగశాలలో ఇచ్చే అంకెలకు ఒకదానితో ఒకదానికి చుట్టరికం ఉండదు. నాలుగు తర్వాత ఒకటే ఎందుకు రావాలో చెప్పే కారణం లేదు. లోలోపల వల్లె వేసుకోవడం ఒక్కటే దారి. బయటి మాట తెంపేది ఆ వల్లెనే. పద్యంలో అలా కాదు. గణాలు అడుగు కొలిచి పెడతాయి. ప్రాస రెండో అక్షరాన్ని బిగిస్తుంది. యతి మధ్యలో ఒక మేకు కొడుతుంది. అర్థం ఒక మాట నుంచి ఇంకో మాటకు చేయి అందిస్తుంది. వరుస నాలుక మీద లేదు, పద్యం ఒంట్లోనే ఉంది. వల్లె తెగినా మళ్లీ పట్టుకోవడానికి పిడి ఉంటుంది. వ్యస్తాక్షరిలో మాత్రం అక్షరాలు వరుస తప్పి వస్తాయి, ఛందస్సు సాయం అందదు. అక్కడ అవధానికి దొరికేది ప్రతి అక్షరానికీ చెప్పే స్థానం అంకె ఒక్కటే.

ఇక పాటల సంగతి. పరీక్షల రోజుల్లో ఇంట్లో జరిగే వాదన ఇది. పాటలు వింటూ చదివితే ఎక్కుతుందని పిల్లలు, ఎక్కదని పెద్దలు. 1989లో సలామే, బాడ్లీ కలిసి చేసిన ప్రయోగాల్లో గొంతు ఉన్న పాట వరుస జ్ఞాపకాన్ని ఎక్కువగా చెదరగొట్టింది. వాద్య సంగీతం అంతకంటే తక్కువగా, ఒకే తీరు రొద ఇంకా తక్కువగా. ఎక్కాలు, ఫార్ములాలు, రాజుల వరుస, ఆవర్తన పట్టికలో మూలకాల వరుస లాంటివి బట్టీ పట్టే వేళ పాట పెట్టుకోవడం చేజేతులా తెచ్చుకునే నష్టం. లెక్కలు చేసేటప్పుడు, బొమ్మలు గీసేటప్పుడు అంత గట్టిగా చెప్పలేం. బోర్ కొట్టి పుస్తకం మూసేసేవాడిని పాట ఇంకో అరగంట కూర్చోబెడితే ఆ లాభం లాభమే.

చదివి అర్థం చేసుకునే పనికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఇక్కడ చెవిన పడే మాటకు అర్థం ఉందా లేదా అన్నది బాగా పట్టింపులోకి వస్తుంది. తెలుగు పాఠం చదువుతుంటే పక్కన వినిపించే తెలుగు చర్చ, తెలియని భాషలో చర్చ కంటే ఎక్కువ అడ్డం పడుతుంది. అర్థాన్ని పేర్చుకునే పని మీదికి ఇంకో అర్థం వచ్చి పడటమే కారణం. అంటే ఏ చప్పుడు మంచిది, ఏది చెడ్డది అని విడిగా అడగడంలోనే పొరపాటు ఉంది. ఏ పని చేస్తున్నప్పుడు అని కూడా అడగాలి.

ఇంకో వింత కూడా ఉంది. ఒక్క గొంతు కంటే ఆరు గొంతులు నయం. గొంతులు ఎక్కువై ఒకే చోట నుంచి కలిసి వస్తే ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి పూడ్చుకుని శబ్దం చదునైపోతుంది. 1995లో జోన్స్, మాకెన్ చూపింది ఇదే. హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ గోల మధ్య నోట్స్ తిరగేయగలిగిన కుర్రాడికి లైబ్రరీలో పక్క టేబుల్ దగ్గర ఎవరో గొంతు తగ్గించి ఫోన్ మాట్లాడితే ఒక్క పేరా ముందుకు సాగకపోవడం అందుకే. ఫోన్ మాటకు ఇంకో గుణం కూడా ఉంది. వినిపించేది సగమే. "ఆఁ... ఎప్పుడు?... అయ్యో, మరి బావగారు ఏమన్నారు?" అవతలి సగాన్ని మనసు తనంతట తానే పూరించబోతుంది. సగం సంభాషణ, పూర్తి సంభాషణ కంటే ధ్యాసను ఎక్కువగా లాగుతుందని 2010లో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో తేలింది.

ఇప్పటిదాకా చెప్పింది కంటితో చదివేటప్పుడు చెవిన పడే శబ్దం గురించి. మన బడుల్లో అసలు సమస్య ఇది కాదు. గుర్తుపెట్టుకోవాల్సిన పాఠమే చెవి ద్వారా రావాలి, అదీ రొదలో నుంచి ఏరుకోవాలి. ఇక్కడ కూలర్ కూడా, ఒకే తీరు రొద కూడా శత్రువే. మారని శబ్దం వరుసను చెదరగొట్టకపోవచ్చు గానీ, టీచర్ గొంతును ముంచేస్తుంది.

1968లో పాట్రిక్ రాబిట్ చేసిన ప్రయోగం ఈ సంగతిని ఒంటికి తగిలేలా చెబుతుంది. కొన్ని అంకెలు వినిపించారు. మొదటి సగం స్పష్టంగా, రెండో సగం రొద కలిపి. రొదలో ఉన్న అంకెలను కూడా వినేవాళ్లు సరిగానే పోల్చుకోగలరు. అయినా వాళ్లకు గుర్తుండకుండా పోయింది స్పష్టంగా విన్న మొదటి సగం. రెండో సగాన్ని రొదలోంచి పట్టుకునే ప్రయాసలో, ముందు విన్నదాన్ని లోపల భద్రం చేసుకునే తీరిక లేకపోయింది.

దీన్ని వెనక బెంచీ మీద కూర్చోబెట్టి చూడాలి. రేకుల కప్పు గది, ప్లాస్టరింగ్ గోడలు, చెక్కబల్లలు. శబ్దాన్ని పీల్చుకునే గుడ్డముక్క కూడా లేదు. ఒక్కో మాట గోడలకు కొట్టుకుని తన తర్వాతి మాట మీదే పడుతుంది. కిటికీలోంచి పక్క తరగతి సామూహికంగా ఎక్కాలు చదువుతున్న గోల. టీచర్ ఒక నిర్వచనం చెబుతుంది. "వినపడిందా?" అంటే "వినపడింది టీచర్" అని పిల్లలు నిజమే చెబుతారు. ప్రతి మాటా వినపడింది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మిగల్లేదు, అంతే. పెద్దవాళ్లయితే మధ్యలో పోయిన మాటను అనుభవంతో పూరించుకుంటారు. పిల్లల దగ్గర ఆ నిల్వ ఉండదు. పాఠం ఇంట్లో మాట్లాడని భాషలో ఉంటే కష్టం ఇంకా పెరుగుతుంది. రెండో భాషలో వినేవాళ్లను రొద ఎక్కువగా దెబ్బతీస్తుందన్నది ఎన్నో దేశాల్లో రుజువైన సంగతి. ఇంగ్లిష్ మీడియం మంచిదా చెడ్డదా అన్న వాదనలో రెండు పక్షాలూ గది గోడల గురించి ఒక్క ముక్క మాట్లాడవు.

ఒక గంట పాఠం సంగతి ఇలా ఉంటే, ఏళ్ల తరబడి రొదలో చదివిన పిల్లల మాటేమిటి? 1975లో ఆర్లిన్ బ్రాంజాఫ్ట్ న్యూయార్క్ మన్‌హటన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలను పరిశీలించారు. ఆ బడికి ఒక పక్క ఎత్తైన పట్టాల మీద రైళ్లు పోతుంటాయి. సుమారు నాలుగున్నర నిమిషాలకో రైలు. అది పోతున్నప్పుడు ఆ వైపు గదుల్లో శబ్దం 89 డెసిబెల్స్ దాకా వెళ్లేది, టీచర్ ఆగిపోవాల్సి వచ్చేది. అదే బడిలో అవతలి వైపు గదులు ప్రశాంతంగా ఉండేవి. పట్టాల వైపు కూర్చున్న ఆరో తరగతి పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. తర్వాత పట్టాల కింద రబ్బరు దిండ్లు వేశారు, గదుల పైకప్పుకు శబ్దం పీల్చే పలకలు బిగించారు. 1981 నాటి రెండో పరిశీలనలో రెండు వైపుల పిల్లల మధ్య తేడా కనబడలేదు. సమస్యను తీర్చి, తీరిందో లేదో మళ్లీ వెళ్లి చూడటం అరుదుగా జరిగే పని.

అంతకంటే పెద్ద అవకాశం మ్యూనిక్‌లో దొరికింది. బేగంపేట నుంచి 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినట్టే, అక్కడ 1992 మేలో రీమ్ విమానాశ్రయం మూతపడి ఊరికి దూరంగా కొత్తది తెరుచుకుంది. ఒక చోట పిల్లల నెత్తి మీది నుంచి రొద పోయింది, ఇంకో చోట కొత్తగా వచ్చి పడింది. పరిశోధకులు మార్పుకు ముందే మొదలుపెట్టి, తర్వాత రెండేళ్ల దాకా ఆ పిల్లలను పరీక్షించారు. పరీక్ష పెట్టింది శబ్దం చొరబడని వాహనంలో, నిశ్శబ్దంగా. కాబట్టి కనిపించేది ఆ క్షణపు రొద ప్రభావం కాదు, లోపల మిగిలిపోయినది. కొత్త విమానాశ్రయం పక్క పిల్లల్లో దీర్ఘకాలిక జ్ఞాపకం, చదివే నేర్పు దెబ్బతిన్నాయి. పాతదాని పక్క పిల్లల్లో అవే మెరుగుపడ్డాయి. జరిగిన నష్టం పూడుతుందని తెలియడం ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైన సంగతి.

2005లో లండన్ హీత్రో, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్, మాడ్రిడ్ బరహాస్ విమానాశ్రయాల చుట్టూ 89 బడుల్లో 2,844 మంది పిల్లలపై వచ్చిన ఫలితాలు కూడా విమానాల రొదను చదివే నేర్పుతోనూ, విన్నదాన్ని తర్వాత గుర్తుపట్టే జ్ఞాపకంతోనూ ముడిపెట్టాయి. అయితే రోడ్డు ట్రాఫిక్ విషయంలో అలాంటి నష్టం అక్కడ కనబడలేదు. రోడ్డు రొద సాగుతూ ఉండే రొద, విమానం వచ్చిపోయే రొద అని దానికి అప్పట్లో ఒక వివరణ ఇచ్చారు. 2022లో బార్సిలోనా నుంచి వచ్చిన ఫలితం ఆ నిశ్చింతను కొంత చెడగొట్టింది. 38 బడుల్లో 2,680 మంది పిల్లలను ఏడాదిపాటు చూస్తే, ట్రాఫిక్ రొద ఎక్కువున్న బడుల్లో వర్కింగ్ మెమరీ, అంటే పని చేస్తుండగా విషయాలను మనసులో పట్టి ఉంచే శక్తి, ఎదుగుదల నెమ్మదిగా సాగింది. గదిలోపల సగటు మోత కంటే ఆ మోత హెచ్చుతగ్గులతోనే ఈ సంబంధం మరింత స్పష్టంగా కనిపించింది. కార్డిఫ్‌లో అక్షరాలు వినిపించి తేల్చిన సంగతి, ఊరంత స్థాయిలో మళ్లీ ఎదురైనట్టు అనిపిస్తుంది. రెండింటి వెనకా ఒకే కారణం ఉందని మాత్రం అప్పుడే అనకూడదు.

రొద మేలు చేసే సందర్భాలూ లేకపోలేదు. 2007లో స్వీడన్‌లో సోదర్‌లుండ్ బృందం ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య, ఉన్న పిల్లలకు తెల్ల రొద వినిపిస్తే వాళ్ల జ్ఞాపకం మెరుగుపడింది. ఆ సమస్య లేని పిల్లల్లో అదే రొద ఫలితాన్ని దిగలాగింది. అది చిన్న ప్రయోగం. యూట్యూబ్‌లో దొరికే పది గంటల వాన చప్పుడు అందరికీ పనికొస్తుందని దాన్నుంచి తేల్చలేం. 1998 నాటి ఇంకో ప్రయోగం విద్యార్థులకు సూటిగా పనికొస్తుంది. క్యాంటీన్ గోలలో చదివినవాళ్లు గోలలోనూ, నిశ్శబ్దంలో చదివినవాళ్లు నిశ్శబ్దంలోనూ పరీక్ష బాగా రాశారు. చదివిన చోటు, రాసిన చోటు వేర్వేరు అయినప్పుడే తగ్గింది. పరీక్ష హాల్లో గోల ఉండదు గనుక, ఆ రెంటిలో ఏది సాధన చేయాలో తేలిపోయినట్టే.

మన చట్టం ఈ కథలో ఎక్కడుంది? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదు. బడి పక్కన హారన్ల సంగతి తెలిసిందే, ఆ అంకె కాగితం మీద ఎంత బాగుందో రోడ్డు మీద అంత అసాధ్యం. అమలైతే టీచర్ గొంతు వెనక బెంచీ దాకా చేరుతుంది, అది చిన్న సంగతి కాదు. అయితే డెసిబెల్ మీటరు కొలిచేది మోతను మాత్రమే. 50 డెసిబెల్స్ ఫ్యాన్ హోరును, 50 డెసిబెల్స్ ఫోన్ కబుర్లను అది ఒకే అంకెగా చూపిస్తుంది.

పెద్ద ఆఫీసు హాళ్ల కోసం 2012లో వచ్చిన ఒక అంతర్జాతీయ ప్రమాణం కొలతనే మార్చేసింది. మాట్లాడే మనిషి నుంచి ఎన్ని మీటర్ల దూరం వెళ్తే అతని మాటలు విడివిడిగా తెలియడం తగ్గిపోతుందో లెక్కగడుతుంది. ఆ దూరం ఎంత తక్కువుంటే గది అంత మంచిది. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు సీటు కోసం పొద్దున్నే వచ్చి క్యూ కడతారు. అలాంటి హాల్లో ఈ కొలత తీస్తే, తలుపు పక్క సీటుకు మార్కులు తక్కువ పడతాయి. పాత ఫ్యాన్ కింద, గరగరమంటూ తిరిగే రెక్కల మోతలో మిగతా గొంతులు మునిగిపోయే సీటుకు ఎక్కువ పడతాయి.